ఫారిన్ ఎల్ఎల్ఎం గారికి, సిటీ సివిల్ కోర్టు నుంచి

ఫారిన్ ఎల్ఎల్ఎం గారికి నమస్కారాలు,

లా డిగ్రీ అయ్యాక విదేశాల్లో చేసే ఏడాది మాస్టర్స్ డిగ్రీ మీరు, మీకేం, బాగానే ఉంటారు. మా ఛాంబర్లోనే ఈ మధ్య జూనియర్లు నిలవట్లేదండీ, ఒక చేత్తో వకాలత్ నింపుతూ ఇంకో చేత్తో మీ అప్లికేషన్ నింపుతున్నారు. మొన్న ఒకమ్మాయి తన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చూడమని ఇచ్చింది. మొదటి పేరాలో వాళ్ళ తాతగారి పొలం గట్టు తగాదా, రెండో పేరాకల్లా ఆ గట్టు మీంచి నేరుగా ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్లోకి (దేశాల మధ్య వ్యాపార తగాదాల్ని కోర్టు బయట తేల్చే పని) దూకేసింది. మధ్యలో ఏమైందమ్మా అంటే "అలాగే రాయాలట సార్" అంది. రికమెండేషన్ లెటర్ కూడా తనే రాసుకొచ్చింది, నేను జన్మలో మాట్లాడని ఇంగ్లీషులో, సంతకం పెట్టిచ్చా, ఆనవాయితీ తప్పకూడదు కదా.

సరే, అసలు సంగతికొస్తా. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఆ గ్రేడుతో హైకోర్టులో వాదించనివ్వరు, అందుకని 1904లో ఇంగ్లండ్ వెళ్ళి బారిస్టరై 1907లో మద్రాసు హైకోర్టులో దిగారు. అంటే అప్పట్లో ఓడెక్కినందుకు చేతికో లైసెన్స్ వచ్చేది. మరి మీరేం ఇస్తున్నారు సార్? న్యూయార్క్‌లో లాయర్ అవ్వాలంటే బార్ ఎగ్జామ్, అంటే లాయర్ లైసెన్స్ పరీక్ష, ఎటూ రాయాల్సిందే, పైగా మనది కామన్ లా దేశం (ఇంగ్లండ్ పద్ధతి చట్టం) కాబట్టి ఎల్ఎల్‌బీ కాలం, సిలబస్ వాళ్ళ లెక్కకి సరిపోతే మీ మొహం చూడకుండానే ఆ ఎగ్జామ్‌కి కూర్చోవచ్చు. కాలిఫోర్నియా ఎగ్జామ్‌కైతే ఇక్కడ అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యుంటే చాలు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావడానికి 2021లో ఎస్‌క్యూఈ అనే పరీక్ష పెట్టారు, దానికీ మీ అవసరం లేదు. ఈ ముక్క మీ బ్రోషర్లో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

ఇక మీ క్యాలెండర్. ఆగస్టులో మొదలై మేలో అయిపోతారు. జూలై చివర్లో బార్ ఎగ్జామ్, న్యూయార్క్ రిజల్ట్ వచ్చేసరికి మామూలుగా అక్టోబర్ చివర. ఈలోపు ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికిచ్చే పర్మిషన్) గడియారం నడుస్తూనే ఉంటుంది, మొత్తం 12 నెలలు, అందులో 90 రోజులకి మించి ఖాళీగా ఉంటే వీసా స్టేటస్ గోవిందా. అందుకని పాపం పిల్లలు ఏదో ఎన్జీవోలో ఫ్రీగా పనిచేస్తూ రిజల్ట్ కోసం చూస్తుంటారు. పాసైతే అయిపోలేదు, ఎథిక్స్ పరీక్ష వేరే, 50 గంటల ప్రో బోనో (ఉచిత న్యాయసేవ) వేరే. పక్క గదిలో ఎమ్మెస్ కుర్రాడికి ఓపీటీ మీద ఇంకో 24 నెలల ఎక్స్‌టెన్షన్ ఉంది, వాడు మూడు మార్చిల్లో హెచ్1బీ లాటరీ వేసుకుంటాడు, మన లాయరమ్మకి ఒక్క ఛాన్సు, తగిలితే తగిలినట్టు.

దీనికి పేరున్న చోట ట్యూషన్ ఒక్కటే 70-80 వేల డాలర్లు! కట్నం ముందే పుచ్చేసుకుని ఉద్యోగం, వీసా సంగతులు పెళ్ళయ్యాక మాట్లాడుకుందాం అనే అమెరికా సంబంధంలా ఉంది మీ వరస. మీ క్లాసులో జపాన్ నుంచి వచ్చినాయన ఉంటాడు చూడండి, చాలాసార్లు ఫీజు వాళ్ళ ఫర్మే కడుతుంది, తిరిగెళ్తే కుర్చీ అలాగే ఉంటుంది. మనవాళ్ళ వెనకాల ఉండేది నాదర్‌గుల్‌లో తాకట్టు పెట్టిన ప్లాటు. ఇద్దరికీ ఒకటే గౌను వేసి ఒకే ఫోటోలో నిలబెట్టి కింద "గ్లోబల్ కెరీర్స్" అని రాస్తారు చూడండీ, ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

ఫుల్‌బ్రైటో చీవెనింగో స్కాలర్‌షిప్ కొట్టి వెళ్ళినవాళ్ళతో నాకు పేచీ లేదు, టీచింగ్‌కి పోదామనుకునే వాళ్ళతోనూ లేదు. అలాగని టీచింగ్ కూడా నల్లేరు మీద నడకేం కాదు. లాయర్లకీ లా చదువుకీ రూల్స్ పెట్టే మన బార్ కౌన్సిల్ వాళ్ళు 2021 జనవరిలో తెచ్చిన రూల్స్‌లో ఫారిన్ ఏడాది ఎల్ఎల్ఎం మన ఎల్ఎల్ఎంతో సమానం కాదన్నారు, అది సుప్రీంకోర్టు దాకా పోయింది. అన్నట్టు, అదే ఏడాది డిసెంబర్లో ఇక్కడే హైదరాబాద్‌లో ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ సెంటర్ తెరిచారు. మన పొలం గట్టు అమ్మాయి దాని ముందునుంచే ఎయిర్‌పోర్ట్ క్యాబ్‌లో వెళ్తుందేమో, ఎవరికి తెలుసు.

తిరిగొస్తే ఏంటంటారా? ఎన్‌రోల్‌మెంట్ అదే, వాయిదాలు అవే, జూనియర్లకి సిటీలో నెలకి కనీసం 20 వేలు ఇవ్వండని బార్ కౌన్సిల్ 2024లో సీనియర్లకి సలహా ఇచ్చింది, సలహానే, ఇచ్చేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు (నా వైపు చూడకండి). ఆ డబ్బుతో డాలర్ల లోన్‌కి వడ్డీ కూడా తీరదు.

మిమ్మల్ని మూసేయమనట్లేదండీ. ఈసారి బ్రోషర్ వేసేటప్పుడు నవ్వుతున్న ప్రతి ఫోటో కింద ఇంకొక్క లైను వేయించండి: ఈ మనిషి ఫీజు ఎవరు కట్టారు, రాకముందు ఏ ఉద్యోగంలో ఉన్నారు, రెండేళ్ళ తర్వాత ఏ దేశంలో ఉన్నారు. అంతే. అది వేస్తే ఎన్ని లెటర్లయినా నేనే సంతకం పెట్టి ఇస్తా, ఇంగ్లీషు కూడా నేనే రాస్తా.

ఇట్లు,
మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయని ఛాంబర్