కాటిసీనులో చదివింపులు

మొన్న చలికాలంలో తెనాలి దగ్గర ఒక ఊళ్లో తిరనాళ్లకి హరిశ్చంద్ర నాటకం పెట్టించారు. గుంటూరు నుంచి ముగ్గురం వెళ్లాం. కాటిసీను వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. హరిశ్చంద్రుడు భుజాన నల్ల కంబళి, చేతిలో కర్రతో వచ్చి జాషువా పద్యం ఎత్తుకున్నాడు. ఖంగుమనే గొంతు. హార్మోనిస్టు ఎడంచేత్తో తిత్తి నెమ్మదిగా ఆడిస్తూ, కుడిచేతి వేళ్లు మెట్ల మీద ఆనీ ఆననట్టు పెట్టి, నటుడి పెదాల వైపే చూస్తున్నాడు. పక్కన దుప్పటి కప్పుకుని కునికిపాట్లు పడుతున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు. శ్మశానం నిజంగానే మా ముందుకి వచ్చింది.

మూడో పాదంలో ఉండగా ఒకాయన స్టేజీ ఎక్కి నోట్లు పిన్నీసుతో ఆ కంబళికి గుచ్చాడు. హరిశ్చంద్రుడు పద్యం ఆపి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు. మైకులో దాత పేరు, ఇంటిపేరు, ఆయన తండ్రిగారి పేరు చదివారు. నూటపదహార్లు. ఇలా పేరు చదివించి ఇచ్చే డబ్బునే చదివింపులు అంటారు. చప్పట్లు. తర్వాత అదే పద్యం మళ్లీ మొదటి నుంచి. రెండోసారి గొంతు అంతే బాగుంది గానీ శ్మశానం మాత్రం తిరిగి రాలేదు.

నాటకాల గురించి మనవాళ్లు రాసే వ్యాసాల్లో ఎక్కువ భాగం జనం రావడం లేదన్న బాధే. సినిమా తినేసింది, టీవీ తినేసింది, ఇప్పుడు ఫోన్ తినేసింది అంటారు. ఆ రాత్రి మా చుట్టూ వందల మంది ఉన్నారు, చలిలో తెల్లారేదాకా కూర్చున్నారు. జనం ఉన్నారు. పద్యనాటకానికి జబ్బు స్టేజీ మీదే ఉందని నా అభిప్రాయం. మన నాటకంలో సంగీతం కథలో భాగంగా పుట్టింది. దాన్ని కథలోంచి బయటికి లాగి కచేరీ చేసింది మనమే.

ఈ మధ్య నాటకం ఇష్టపడే కుర్రాళ్లు మ్యూజికల్, అంటే పాటలతో కథ నడిపే నాటకం, అనగానే ముంబై వైపు చూస్తున్నారు. 2023లో అక్కడి నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌లో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' ఆడినప్పుడు విజయవాడ నుంచి విమానమెక్కి వెళ్లి చూసొచ్చినవాళ్లు నాకు తెలుసు. మంచిదే, నాకూ ఇష్టమే. అదే ఏడాది ఏప్రిల్ 16న న్యూయార్క్ బ్రాడ్‌వేలో 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' ఆగిపోయింది. 1988లో మొదలై 35 ఏళ్లు, మొత్తం 13,981 ప్రదర్శనలు. ఏప్రిల్ 16 మనకి కందుకూరి వీరేశలింగం జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు నేను చాలాసేపు ఈ రెండిటి గురించే ఆలోచించాను. అన్ని వేల రాత్రులు ఒకే పాట ఒకే చోట మొదలై ఒకే చోట ముగిసింది. పాట అయ్యాక అక్కడా చప్పట్లు కొడతారు, నాటకం ఒక్క క్షణం ఆగుతుంది. కానీ పాత్ర పాత్రలోనే ఉంటుంది. పాడిన పాటని మళ్లీ పాడటం ఉండదు.

మనకి అలాంటి రూపం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్లు ఆంధ్రలో ఊరూరా తిరిగి ఆడినప్పుడే మనవాళ్లకి ఆ రుచి తగిలింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకానికి పాటా పద్యమూ అతికారు. నాటకమే జీవనంగా ఉన్న సురభి కుటుంబాలు 1885 నుంచి ఆ పని చేస్తూనే ఉన్నాయి. ఈ చరిత్ర అందరూ చెప్పేదే. నాకు ముఖ్యం, ఆ పద్యం లోపల ఏం జరుగుతుందన్నది.

రాయబారం సీను తీసుకోండి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం' మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చదువు రానివాళ్లకి కూడా కంఠతా వచ్చు. 'అలుగుటయే యెరుంగని' అనే చంపకమాల అందులోదే. ధర్మరాజుకి కోపమే రాదు, అలాంటివాడికి కోపం వచ్చిన నాడు సముద్రాలన్నీ ఏకం కాకపోవు, కర్ణులు పదివేలమంది ఉన్నా చస్తారు, నా మాట నమ్ము రాజరాజా అని కృష్ణుడు దుర్యోధనుడికి చెప్పే హెచ్చరిక. కవులు ఈ వాక్యాన్ని ఎలా కట్టారో చూడండి. 'అలిగిననాడు' అన్న మాట దగ్గర అర్థం వేలాడుతుంది. అలిగితే ఏమవుతుందో వినేదాకా సభలో ఎవరూ ఊపిరి పీల్చకూడదు. ఇంకా బాగున్నది రెండో పాదం చివర. 'కర్ణులు' అన్న మాట అక్కడ రెండుగా విరుగుతుంది. 'క' రెండో పాదంలో, 'ర్ణులు' మూడో పాదంలో. అంటే పాదం చివర ఆగొద్దు, దూకు అని కవులే నటుడికి చెప్పి పెట్టారు. కృష్ణుడి మాట వేగం ఆ విరుపులో ఉంది.

మన స్టేజీల మీద ఏం జరుగుతోంది? 'అలిగిననాడు' దగ్గర ఆగి రాగం తీస్తారు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. కింద ఈలలు. హార్మోనిస్టు దానికి జవాబు వాయిస్తాడు, మళ్లీ నటుడు పైస్థాయికి వెళతాడు. ఈలోగా దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ ఉంటాడు. యుద్ధం రాబోతోందన్న టెన్షన్ ఎవరికీ లేదు. రాగం తప్పని నేను అనడం లేదు. అదే నాటకంలో అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడక సీనులో కృష్ణుడు నిద్ర లేచి 'బావా' అని పిలుస్తాడు. ఆ ఒక్క మాటని కొంచెం సాగదీస్తే అందులో నిద్రమత్తు ఉంటుంది, నిద్ర నటించిన గడుసుతనం కూడా ఉంటుంది. అక్కడ రాగం కృష్ణుడిది. 'అలిగిననాడు' దగ్గర రాగం గాయకుడిది. ఈ తేడా తెలిసిన నటుడు దొరికితే ఆ రాత్రికి నిద్ర చెడినా బాధ లేదు.

ఒక రాత్రిలో ముగ్గురు నలుగురు కృష్ణుల్ని దింపే పద్ధతి నాకు అసలు నచ్చదు. ఒకటో కృష్ణుడు పడక సీనుకి, రెండో కృష్ణుడు రాయబారానికి, మూడో కృష్ణుడు యుద్ధానికి. పోల్చి చూడటంలో జనానికి సరదా ఉంది, కాదనను. నా చిన్నప్పుడు మా ఇంట్లో కూడా ఏ కృష్ణుడు గొప్పో తెల్లారేదాకా వాదించుకునేవాళ్లు. కానీ పడక సీనులో ఆ ఇద్దరు బావల్నీ నవ్వుతూ పంపించినవాడే రాయబారంలో కళ్లెర్ర చేయాలి. ఆ మార్పు ఒకే మనిషిలో చూడకపోతే కృష్ణుడు మనకి అందడు. పైగా ఈ ఆర్టిస్టులు తలా ఒక ఊరి నుంచి వచ్చి గ్రీన్‌రూమ్‌లో కలుసుకుంటారు. రిహార్సల్ మాటే ఉండదు.

పాట పాత్రలోంచి ఎలా రావాలో మన ప్రాంతంలోనే ఒకాయన చూపించారు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ వేషం కోసం 'మీరజాలగలడా' పాట తనే రాసుకున్నారు. నా ఆజ్ఞని ఆయన దాటగలడా అని సత్యభామ అడుగుతోంది. వింటే అందంగా ఉంటుంది, కానీ ఆ పాటలో ఉన్నది అహంకారం. తర్వాత తక్కెడలో విరిగేది అదే. పాట తీసేస్తే తులాభారం బరువు తగ్గిపోతుంది. ఒక మగ నటుడు ఆడవేషం వేస్తూ, ఆ పాత్ర మనసులో ఏముందో కనిపెట్టి దానికి పాట కట్టడం ఎంత పెద్ద విషయమో మనం సరిగ్గా చెప్పుకోలేదు.

జాషువా పద్యాలు కాటిసీనులోకి రావడం కూడా అలాంటిదే. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి రాసిన నాటకంలో అవి లేవు. వినుకొండలో పుట్టిన జాషువా శ్మశానం మీద విడిగా రాసుకున్న పద్యాల్ని నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. రాజు కాటికాపరి అయిన చోట, ఇక్కడ అస్పృశ్యతకి తావు లేదు అని జాషువా మాట వినపడుతుంది. అంటరానితనం అనుభవించిన కవి మాట అది. ఊళ్లో అన్ని కులాలవాళ్లూ ఒకే పందిట్లో కూర్చుని ఆ మాట వింటారు. నాటకానికి బయటి నుంచి వచ్చి చేరిన పద్యం అసలు పద్యాలకంటే లోతుగా నాటుకుంది. అందుకే ఆ పద్యం మధ్యలో పిన్నీసు గుచ్చితే నాకు అంత కష్టం వేసింది.

'చింతామణి'కి పట్టిన గతి కూడా నాకు ఇందులో భాగంగానే కనిపిస్తుంది. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రతో తమని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఎన్నాళ్లుగానో బాధపడుతూ వచ్చారు. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనం కొంపలు ఎలా కూలుస్తుందో చెప్పడానికి ఆ నాటకం రాశారు. స్టేజీ మీద నేను చూసిన సుబ్బిశెట్టి సీన్లలో చాలా మాటలు పుస్తకంలో లేనివి. ఈలల కోసం ఏటేటా చేర్చుకుంటూ పోయిన బూతులు అవి. వాళ్లకి కోపం రావడంలో న్యాయం ఉంది. కానీ నిషేధంతో పోయింది కాళ్లకూరి రాసిన నాటకం కూడా. చేర్చినవి తీసేసి, రాసినది రాసినట్టు ఆడమని గట్టిగా అడిగి ఉంటే బాగుండేది.

పరిషత్తుల పోటీల్లో ఆడే నాటకాల సంగతి వేరు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైన దగ్గర్నుంచీ పోటీలు మన ప్రాంతానికి అలవాటు. విజయవాడ గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నేను మంచి నాటికలు చాలా చూశాను. కథ బిగువుగా ఉంటుంది, లైటింగ్ బాగుంటుంది, అమ్మాయిలు అద్భుతంగా చేస్తున్నారు. అయితే వీటిలో సంగీతం స్పీకర్లోంచి వస్తుంది. తండ్రి నోరు విప్పకముందే వయొలిన్ ఏడుస్తుంది. నటుడు ఒక క్షణం ఎక్కువ తీసుకుంటే ట్రాక్ అతని కోసం ఆగదు. హార్మోనిస్టు ఆగుతాడు. రికార్డు చేసిన ట్రాకుకి, మనిషికి అదే తేడా. సాంఘిక నాటకంలో పాట ఇమడదంటారు. పొన్నెకల్లు నాజర్ బుర్రకథ విన్న నేల ఇది. ఒక తంబురా, రెండు గుమ్మెటలతో ఆయన యుద్ధాలు చూపించారు. హాస్యమూ రాజకీయమూ రెండూ అందులోనే నడిపించారు. ఇవాళ్టి రైతు కథకీ, హాస్టల్ పిల్ల కథకీ ఆ దారిలో సంగీతం కట్టగలిగిన కుర్రాళ్లు మనకి ఉన్నారు. ఒక్క పరిషత్తయినా లైవ్ సంగీతానికి విడిగా బహుమతి పెడితే వాళ్లు బయటికి వస్తారు.

ఆ రాత్రి నాటకం అయ్యాక, తెల్లవారుజామున టీ దగ్గర కమిటీ పెద్దాయన కనిపిస్తే అడిగాను. "బాబాయ్, చదివింపులు సీన్ల మధ్యలో తెర వేసినప్పుడు చదవొచ్చు కదా?"

"ఇచ్చినాయన ఎదురుగా కూర్చుని ఉంటాడు అబ్బాయ్. అప్పుడే చదవకపోతే వచ్చే ఏడు చందా ఇవ్వడు. ఆ డబ్బు కూడా రాకపోతే ఆర్టిస్టుకి ఏం మిగులుద్ది?"

ఆయన మాటలో నిజముంది. మేకప్పుకీ డ్రస్సులకీ దారి ఖర్చులకీ పోను చేతికి వచ్చేది తక్కువ. నోట్లు గుచ్చినప్పుడు చేతులు జోడించిన ఆ నటుణ్ణి నేను తప్పు పట్టలేను. అందుకే కమిటీలకి నా విన్నపం ఒక్కటే. చందా వసూలు చేసేటప్పుడే చదివింపుల డబ్బు కూడా కలిపి తీసుకోండి. కాటిసీనుకి ముందు తెర వేసి, అందరి పేర్లూ తీరిగ్గా చదవండి. ఆర్టిస్టుకి ఇవ్వాల్సింది అక్కడే, అందరి ముందే, చేతిలో పెట్టండి.

మేము బయల్దేరేసరికి హరిశ్చంద్రుడు మేకప్ తుడుచుకుని స్టేజీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కంబళి ఒళ్లో పెట్టుకుని ఒక్కో పిన్నీసూ తీస్తున్నాడు. నాతో వచ్చిన మిత్రుడు దగ్గరికెళ్లి, "ఆ పద్యం ఒక్కసారి వినిపిస్తారా" అని అడిగాడు. ఆయన హార్మోనియం కోసం చూశాడు. అప్పటికే పెట్టెలో సర్దేశారు. శ్రుతి లేకుండానే, కూర్చున్నచోటే, రాగం తీయకుండా, మాట్లాడుతున్నట్టుగా నాలుగు పాదాలూ చెప్పాడు. పందిరి విప్పుతున్న కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.