పొగలో పంక్తిభేదాలు

గంజాయికి బానిసలంటూ ఎవరూ లేరనీ, ఉన్నవాళ్లంతా రసజ్ఞులేననీ ఈ మధ్య నాకు రూఢి అయింది. చిలుం పట్టేవాడు శివుణ్ణి తలుచుకుంటాడు కనుక అతనిది భక్తి. కాగితంలో చుట్టుకునే కుర్రాడిది కళ. బాంగ్ సీసాలో నీళ్లు పోసి గుడగుడలాడించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది ఆరోగ్య స్పృహ. పొగను కడుక్కుని మరీ తాగుతున్నాడాయె! నీళ్లు పొగను చల్లారుస్తాయే గానీ తారును పెద్దగా ఆపవయ్యా అంటే మనకు సైన్సు రాదని తేల్చేస్తాడు.

వీళ్లందరిలోనూ నేను చేతులెత్తి మొక్కేది మాత్రం సిగరెట్ ఖాళీ చేసేవాడికి. పొగాకును అరచేతిలోకి దులిపి, అందులో గంజాయి నలిపి, మళ్లీ అదే గొట్టంలోకి ఓపిగ్గా కూరుతాడు. "సిగరెట్లు మానేశానన్నా, ఇప్పుడంతా నేచురలే" అంటాడు. సగం పొగాకే కదరా అంటే, "అది సరిగ్గా కాలడానికన్నా" అని సర్దిచెబుతాడు. ఈ ఒప్పందం నికోటిన్‌కు ఎవరూ తెలియజేసినట్టు లేదు. అది తన పని తాను చేసుకుపోతోంది. పొద్దున్నే ప్రాణం పీకుతుంటే అడుగుతున్నది ఆకో పొగాకో తేలదు. అందుకని ఇద్దరికీ కలిపి నైవేద్యం పెడతాడు. ఇలా కలిపి తాగేవాళ్లకు అలవాటు వదలడం మరీ కష్టమని పరిశోధకులు మొత్తుకుంటున్నారు గానీ, వాళ్లెప్పుడైనా సిగరెట్ కూరారా?

రెండ్రోజులు సరుకు అందకపోతే అతనికి నిద్ర పట్టదు, అన్నం సహించదు, ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడతాడు. ఆఫీసు టెన్షనట.

గంజాయి ఆకు నూరి చేసే భంగు తాగేవాళ్లను ఈ పంక్తిలో కూర్చోనివ్వరు. 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో వాళ్లు సుమారు 2.2 కోట్ల మంది, గంజాయి, చరస్ (గంజాయి జిగురు) వాళ్లు 1.3 కోట్లు. వ్యసనంగా ముదిరినవాళ్ల నిష్పత్తి మాత్రం ఈ చిన్న గుంపులోనే ఎక్కువ. కడుపు దారిన మత్తెక్కడానికి గంట పట్టొచ్చు, ఊపిరితిత్తుల దారిన నిమిషాలు చాలు. ఎంత త్వరగా ఎక్కితే మెదడు మళ్లీ అంత గట్టిగా అడుగుతుంది.

ఇంత నైపుణ్యానికి చట్టంలో విలువే లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టానికి తూకమే ముఖ్యం: గంజాయి కిలో అయితే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్యం. ఎలా పీల్చావన్న ప్రశ్నే లేదు. ఆ చట్టంలోనే 64ఎ సెక్షన్ కింద, చిన్న పరిమాణంతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే విచారణ నుంచి మినహాయింపు ఉంది. మన సిగరెట్ కళాకారుడి చెవిన వేశాను.

"మంచి సెక్షనన్నా, మా రూమ్మేట్‌కి చెప్తా. వాడు బాంగ్ కొడతాడు" అన్నాడు.