వెల్డింగ్ వైరుతో వంతెన కట్టారు, మనమెందుకు ఆగాలి?

2021 జులైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాలువ మీద 12 మీటర్ల స్టీలు వంతెనను రాణి మాక్సిమా ప్రారంభించారు. ఎంఎక్స్‌త్రీడీ సంస్థ నాలుగు రోబోలతో, వరస మీద వరస వెల్డింగ్ చేయిస్తూ, ఆరు నెలల్లో దాన్ని త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో నిలబెట్టింది. పట్టిన స్టీలు సుమారు నాలుగున్నర టన్నులు. వాడింది 308 రకం స్టెయిన్‌లెస్ వైరు. అంటే హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో 304 రకం స్టెయిన్‌లెస్ ట్యాంకులు అతికేవాళ్లకు బాగా తెలిసిన వైరే! త్రీడీ ప్రింటింగ్ అనగానే లేజర్లు, ఖరీదైన పౌడర్ గుర్తొచ్చి వెనక్కి తగ్గేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆలోచన కూడా నిన్నమొన్నటిది కాదు, వెల్డింగ్‌లో వచ్చే విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని కరిగించి పేర్చి వస్తువులు చేసే పద్ధతికి అమెరికాలో రాల్ఫ్ బేకర్ 1925లోనే పేటెంట్ తీసుకున్నాడు.

అసలు కష్టం వేడితో. స్టెయిన్‌లెస్ స్టీలులో వేడి త్వరగా పాకదు, మామూలు ఇనుముతో పోలిస్తే మూడో వంతు వేగమే, పైగా వేడెక్కితే ఎక్కువ సాగుతుంది. కింది వరస చల్లారకముందే పై వరస వేస్తే వరసలతో లేస్తున్న గోడ జారిపోతుంది, అడుగున ఆధారంగా పెట్టిన ప్లేటు వంకర తిరుగుతుంది. ఎంతసేపు ఆగాలో, కరెంటు ఎంత తగ్గించాలో అనుభవమున్న వెల్డర్‌కు చేతికి తెలుసు. ఆ తెలివిని రోబోకు ఎక్కించడమే సగం పని అని నా నమ్మకం, అందుకే ఇలాంటి ప్రాజెక్టుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లతో పాటు వెల్డర్‌ను కూడా కూర్చోబెట్టాలి.

ఇంకో చిక్కు బయటికి కనిపించదు. వరసలు పేరుస్తుంటే స్టీలు లోపలి స్ఫటిక రేణువులు వేడి పోయే దారి వెంబడి నిలువుగా పెరుగుతాయి. దాంతో ఒకే ముక్క ఒక్కో దిక్కున ఒక్కోలా ప్రవర్తిస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఈ స్టీలును పరీక్షిస్తే వరసల వెంబడి, వాటికి అడ్డంగా బిగువు (లాగితే సాగకుండా నిలిచే గుణం) దాదాపు 140 గిగాపాస్కల్స్, 45 డిగ్రీల ఏటవాలులో మాత్రం 200 దాటింది. మామూలు స్టెయిన్‌లెస్ రేకుకు ఎటు చూసినా 200 దగ్గరే ఉంటుందనుకుని డిజైన్ చేసే ఇంజినీరుకు ఇది చిన్న తేడా కాదు. వంతెన 2018లోనే తయారైనా జనం నడవడానికి 2021 దాకా ఆగాల్సి రావడానికి ఒక కారణం ఇలాంటి పరీక్షలే. ఆ జాగ్రత్తను నేను మెచ్చుకుంటాను.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ పని మొదలుపెట్టడానికి ఒక మిగ్ సెట్టు (వైరును తనే అందిస్తూ వెల్డింగ్ చేసే యంత్రం), టార్చిని సమంగా కదిపే, కంప్యూటర్‌తో నడిచే పాత సీఎన్‌సీ టేబుల్ చాలు. కానీ గోడ లేపి ఫొటో దిగి వదిలేయకండి. దాన్ని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కోసి మూడు ముక్కలూ యూటీఎంలో (లోహాన్ని లాగి పరీక్షించే మెషిన్‌లో) లాగి, వచ్చిన అంకెలు అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ మెషిన్ మీ ల్యాబులో ఎలాగూ ఉంటుంది.