ఉగ్రవాదంలో చేరేది చదువు లేని పేదవాళ్లేనా?

ఎక్కడ బాంబు పేలినా మర్నాటికల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఒక్కటే. చదువూ పనీ లేని కుర్రాళ్లే ఇలాంటి సంస్థల్లో చేరతారట. మతపిచ్చి ముదిరి, ఫోన్లో వీడియోలు చూసి చెడిపోతారట. నలుగురిని కాల్చిపారేస్తే మిగతావాళ్లు దారికొస్తారట. చదువుకున్న ఇళ్ల పిల్లలకు ఆ బెడద లేదన్న ధీమా కూడా అందులోనే ఉంటుంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ ధీమాను చూసే.

మొదట చదువు సంగతి. 1995 మార్చి 20న టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ విషవాయువు వదిలి 14 మంది ప్రాణాలు తీసిన ఓం షిన్రిక్యో సంస్థను చూడండి. ఆ రోజు సారిన్ సంచులతో రైలెక్కిన ఐదుగురిలో ఒకరు గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్. ఇంకొకరు టోక్యో యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివినవాడు. ఆ విషాన్ని తయారుచేసింది ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన పరిశోధకుడు. వీళ్లెవరూ మనుషుల్ని చంపుదామని చేరలేదు. ఆ సంస్థ గురువు షోకో అసహారా 1984లో మొదలుపెట్టింది యోగా క్లాసు. ఆరోగ్యం, మనశ్శాంతి, ధ్యానం అంటూ మొదలైంది. ఆ తర్వాత ఆస్తి సంస్థకు రాసివ్వమన్నారు, ఇల్లు వదిలి తమతోనే ఉండమన్నారు, ఇంటివాళ్లతో సంబంధాలు తెంచుకోమన్నారు. హత్య దాకా వచ్చేసరికి వెనక్కి వెళ్దామన్నా ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, పలకరించే స్నేహితుడు లేడు. చదువు వాళ్లను ఆపలేకపోయింది. పైగా ఆ సంస్థకు కావలసింది సరిగ్గా ఆ చదువే.

ఇదేదో జపాన్‌కే చెల్లిన వింత కాదు. సిరియా, ఇరాక్‌లలో పాతుకుపోయిన ఉగ్రవాద సంస్థ ఐసిస్ నుంచి బయటికొచ్చిన రికార్డుల్లో 3,803 మంది విదేశీ రిక్రూట్ల వివరాలను 2016లో ప్రపంచ బ్యాంకు పరిశీలించింది. 69 శాతం మంది కనీసం సెకండరీ చదువు చదివినవాళ్లే. చదవడం రాయడం రానివాళ్లు 2 శాతం కూడా లేరు. శ్రీలంకలో 2019 ఈస్టర్ నాటి ఆత్మాహుతి దాడుల్లో సంపన్నుడైన మసాలా దినుసుల వ్యాపారి కొడుకులు ఇద్దరున్నారు.

మన నేల మీద నడిచిన మావోయిస్టు ఉద్యమాన్ని ఐసిస్‌తో ఒకే గాటన కట్టను. దాని చరిత్ర వేరు, దాని వెనక ఉన్న భూమి సమస్య వేరు. కానీ ఆయుధం పట్టే సంస్థలోకి మనిషి ఎలా వెళ్తాడన్న ప్రశ్న వరకు అది కూడా సాక్ష్యమే. 1970లలో రాడికల్ విద్యార్థి సంఘం కాలేజీల్లోంచే పెరిగింది. ‘గ్రామాలకు తరలండి’ అని సెలవుల్లో విద్యార్థులను పల్లెలకు పంపింది. 2025 మేలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివినవాడు.

పేదరికం మాటలో మాత్రం కొంత నిజం ఉంది. ఆఫ్రికాలోని 8 దేశాల్లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మాట్లాడించినవాళ్లలో, ఇలాంటి సంస్థల్లో ఇష్టపడి చేరినవాళ్లు 25 శాతం మంది ఉపాధి కోసమే చేరామన్నారని 2023 నివేదిక చెబుతోంది. నైజీరియాలో బోకో హరామ్ అనే ఉగ్రవాద సంస్థ చిన్న వ్యాపారులకు అప్పులిచ్చి, ఆ అప్పునే ఉచ్చుగా వాడుకుంది. అంటే ఒక్కో చోట ఒక్కో ఎర. పని లేనివాడికి జీతం, కోర్టుల చుట్టూ తిరిగి విసిగినవాడికి చేతికందే తీర్పు, ఒంటరివాడికి తోడు. ఏది కరువైందో వాళ్లు ముందు కనిపెడతారు.

మతపిచ్చి ముదిరితేనే చేరతారన్నదీ నిలబడదు. అదే ఆఫ్రికా నివేదికలో మతం కారణంగా చేరామన్నవాళ్లు 17 శాతమే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి 2013లో పోరాడటానికి సిరియా వెళ్లిన ఇద్దరు యువకులు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో కొన్నవి ఇస్లాం గురించి ఓనమాలు నేర్పే పుస్తకాలు. మతం పేరుతో పిలిచిన సంస్థలు మతాన్ని వాడుకోలేదని నేననడం లేదు. కానీ మతం బాగా తెలిసినవాడికంటే సగం సగం తెలిసినవాడే వాళ్లకు తేలిగ్గా దొరుకుతాడు.

వీడియోల ప్రభావం నిజమే. అయినా చాలాసార్లు చేయి పట్టుకుని తీసుకెళ్లేది తెలిసిన మనిషే. అమెరికాలో 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో విమానాలు నడిపిన నలుగురిలో ముగ్గురు జర్మనీలోని హాంబర్గ్‌లో చదువుకుంటూ స్నేహితులైనవాళ్లు. 2014లో సిరియా వెళ్లాలని బయల్దేరి కోల్‌కతాలో పట్టుబడ్డ హైదరాబాద్ కుర్రాళ్లను పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపారు. వాళ్లలో ఒకడు 2015 డిసెంబర్‌లో నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ దొరికాడు, ఈసారి తన బంధువులతో కలిసి. కాబట్టి ఫోన్ లాక్కుంటే పనైపోయిందనుకునే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. పాత స్నేహితులందరూ ఒక్కొక్కరే దూరమై, కొత్తగా ఒక్కరే మిగిలారా? ఆ ఒక్కరి గురించి అడిగితే పిల్లవాడు మాట దాటేస్తున్నాడా?

ఇక ‘కాల్చిపారేస్తే దారికొస్తారు’ అన్న మాట. నేరం చేసినవాణ్ణి పట్టుకుని శిక్షించాల్సిందే. కానీ 2009 జులైలో బోకో హరామ్ నాయకుడు మహమ్మద్ యూసుఫ్‌ను పోలీసు కస్టడీలోనే చంపేశారు. మరుసటి ఏడాదికల్లా ఆ సంస్థ ఇంకా కిరాతకంగా తిరిగొచ్చింది. 2014లో చిబోక్ బడి నుంచి 276 మంది అమ్మాయిలను ఎత్తుకెళ్లింది ఆ తర్వాతే. ఆఫ్రికా మీద ఐక్యరాజ్యసమితి 2017 నివేదికలో, ఇష్టపడి చేరినవాళ్లలో 71 శాతం మంది తమను ఆఖరికి అటు నెట్టింది ప్రభుత్వ చర్యేనన్నారు. అందులో అయినవాళ్లను చంపడం, అరెస్టు చేయడం కూడా ఉన్నాయి.

డెన్మార్క్‌లోని ఆర్హుస్ పోలీసులు ఇంకో దారి పట్టారు. అక్కడి నుంచి 2013లో దాదాపు 30 మంది సిరియా వెళ్లారు. తిరిగొచ్చినవాళ్లలో నేరం రుజువైనవాళ్లకు కేసులు తప్పవన్నారు. మిగతావాళ్లకు ఒక్కొక్కరికి ఒక పెద్దదిక్కును తోడిచ్చి, నెలల తరబడి కలుస్తూ, ఆగిపోయిన చదువో ఉద్యోగమో ఇల్లో చూసిపెట్టారు. వాళ్ల తల్లిదండ్రులందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. 2014లో ఆ ఊరి నుంచి వెళ్లినవాళ్లు ఒకరిద్దరే.