పది మిల్లీమీటర్లు కిందికి, నలభై మిల్లీమీటర్లు పైకి

మా బావమరిది స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు. వెనక సీట్లు ఉన్నాయి గానీ, వాటిలో కూర్చునేవాళ్లు కాళ్లు ఇంట్లో వదిలి రావాలి. కంపెనీ పేరు చెప్పను. ధర అసలే చెప్పను, వాళ్లావిడకి ఇప్పటికీ అందులో సగమే తెలుసు.

అంత పోసి కొన్న కారుని మొదటి నెలలోనే షెడ్డులో పెట్టించి నాలుగు చక్రాలూ ఊడదీయించాడు. దానికేం రోగం వచ్చిందిరా అంటే, "రోగం కాదు బావా, హ్యాండ్లింగ్ ఇంకొంచెం షార్ప్‌గా ఉండాలి" అన్నాడు. హైదరాబాద్ మణికొండలో ఉండే మనిషికి ఇది న్యాయమైన కోరికే. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే గచ్చిబౌలి చేరేసరికి గంట. ఆ గంటలో స్టీరింగ్ తిప్పే భాగ్యం నాలుగైదు సార్లు దక్కుతుంది. ఆ నాలుగైదు సార్లయినా బండి షార్ప్‌గా తిరగకపోతే ఇంత సంపాదించి ఏం లాభం?

కాబట్టి ఈ విషయాన్ని నేను చాలా గంభీరంగా తీసుకున్నాను, చదివాను కూడా. మలుపులో బండి బయటివైపుకి ఒరుగుతుంది. ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. ఆ ఒరుగు తగ్గాలంటే బండిని నేలకి దించాలి, స్ప్రింగులు గట్టివి వేయాలి, షాకబ్జార్బర్లు టైట్ చేయాలి, యాంటీ రోల్ బార్ లావుది పెట్టాలి. ఈ బార్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే వంపు తిరిగిన ఉక్కు కడ్డీ ఇది. ఒక పక్క కుంగబోతే మెలి తిరిగి అడ్డుపడుతుంది. అచ్చం ఉమ్మడి కుటుంబం. ఒరగనివ్వదు, నిజమే. కానీ ఎడమ చక్రం గుంతలో పడితే ఏ పాపమూ ఎరగని కుడి చక్రం కూడా ఉలిక్కిపడాలి. కడ్డీ లావయ్యే కొద్దీ ఈ ఆప్యాయత పెరుగుతుంది.

పెద్ద కంపెనీలకి ఈ జబ్బు ఎప్పుడో తెలుసు. జర్మనీ వాళ్ల పోర్షే 911 కారుకి స్పోర్ట్ సస్పెన్షన్ (అంటే ఈ స్ప్రింగులూ షాకబ్జార్బర్ల ఏర్పాటే) కావాలంటే ఇస్తారు, బండి 10 మి.మీ. కిందికి దిగుతుంది. అదే 911కి ముందు భాగాన్ని 40 మి.మీ. దాకా పైకి లేపే ఏర్పాటు కూడా అమ్ముతారు. దించడానికో బిల్లు, లేపడానికో బిల్లు. నేను చిన్నప్పట్నుంచీ వ్యాపారం అంటే ఏంటో అనుకున్నాను, ఇప్పుడు అర్థమైంది. పైగా ఈ లేపే యంత్రం మనం ఎక్కడ లేపామో జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికి రాగానే తనే లేస్తుందట. జర్మనీలో సరే, నిన్నటి స్పీడ్ బ్రేకర్ ఇవాళా అక్కడే ఉంటుంది. మా కాలనీలో బ్రేకర్ రాత్రికి రాత్రి పుడుతుంది. ఎవరింటి స్లాబుకో కలిపిన కాంక్రీటు కాస్త మిగలాలి, అదే సాయంత్రం ఎవడో కుర్రాడు బైకు మీద రయ్యిన పోవాలి. అంతే, తెల్లారేసరికి రోడ్డుకి అడ్డంగా ఒక కొండ.

దీనికి లెక్క లేదనుకోకండి. రోడ్ల కొలతలు ఎలా ఉండాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో 1988లోనే రాసి పెట్టింది. బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటగలగాలి. నేను ఓ రాత్రి టేపు పట్టుకెళ్లి మా వీధి బ్రేకర్ కొలిచాను. వెడల్పు 55 సెంటీమీటర్లు, ఎత్తు 16. వాచ్‌మన్ వచ్చి "స్థలం అమ్ముతున్నారా సార్?" అని అడిగాడు. అన్నట్టు, బండి సంగతుల్లో చట్టం చాలా పట్టింపుగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రోడ్డుకి అలాంటి ఇబ్బందులేం లేవు, తాపీమేస్త్రి ఒప్పుకుంటే చాలు.

పది రోజుల తర్వాత కారు వచ్చింది. చిటికెనవేలు, బొటనవేలు చాపి కొలిస్తే కింద జానెడు కూడా లేదు. "ట్రాక్ సెట్టింగ్ పెట్టాడు బావా" అన్నాడు మురిసిపోతూ. ట్రాక్ అనగానే నాకు 2023 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు కోసం హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల రోడ్డుని అద్దంలా చేశారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఆ ఒక్క శనివారం కోసం సెట్ చేసిన సస్పెన్షన్‌తో మిగతా జీవితం గడపాలని మావాడు నిర్ణయించుకున్నాడు.

మొదటి రైడ్‌కి నన్నే తీసుకెళ్లాడు. కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడి దాటుతుంటే నా కళ్లజోడు ముక్కు దిగి ఒళ్లో పడింది. మావాడు "రోడ్ ఫీల్ చూశావా" అన్నాడు. నాకు రోడ్డే కాదు, దాని కింద ఉన్న మంజీరా పైపు కూడా ఫీలైంది. ఆ టైరు చూడండి, 245 మి.మీ. వెడల్పు, దాని పక్కగోడ అందులో 35 శాతం, అంటే 86 మి.మీ. గుంతకీ మన నడుముకీ మధ్య ఉన్న మెత్తదనం మొత్తం అంతే. అసలు చిక్కు అది కూడా కాదు. గతుకుల మీద స్ప్రింగు మరీ గట్టిదైతే చక్రం గుంతలోకి దిగి పైకి రాదు, ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరు ఎంత ఖరీదైనదైనా దానికి పట్టుండదు. కార్ల కంపెనీలు గొప్పగా చెప్పుకునే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ పాత రేసు ట్రాక్ 20.8 కిలోమీటర్లు కూడా ఎగుడుదిగుళ్లదే. నున్నటి ట్రాక్‌కి పెట్టే సెట్టింగ్ అక్కడ పెడితే బండి కుదురుగా ఉండదని అక్కడివాళ్లు కాస్త మెత్తగా పెడతారు. మావాడు మెత్తదనాన్ని అవమానంగా తీసుకుంటాడు.

టైర్లలో గాలి సరిగ్గా చూసుకో, వీల్ అలైన్‌మెంట్ చేయించు, కీళ్లలో రబ్బరు బుష్‌లు పాతబడితే మార్పించు, సగం హ్యాండ్లింగ్ అక్కడే ఉంది అని చెప్పాను. చిన్నబుచ్చుకున్నాడు. పాపం, గాలి కొట్టించుకున్న సంగతి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టలేడు కదా.

ఇంకో దారి కూడా ఉంది, గెంతడం. స్పీకర్లు చేసే బోస్ కంపెనీ 1980లో మొదలుపెట్టి 2004లో ఒక సస్పెన్షన్ చూపించింది. స్ప్రింగుల బదులు కరెంటు మోటార్లున్న ఆ సస్పెన్షన్ బిగించిన లెక్సస్ కారు అడ్డంగా పెట్టిన దుంగని కుందేల్లా దాటేసింది. బరువూ ఖర్చూ ఎక్కువై ఆ రూపంలో అమ్మకానికి రాలేదు. ఇప్పుడు చైనా వాళ్ల యాంగ్‌వాంగ్ యూ9 కారు కూడా గెంతుతోంది. మా కాలనీకి తగిన కారు అదేనని నా అభిప్రాయం, కాకపోతే ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా అది నేల మీద వాలే అవసరమే రాదు.

మావాడు గెంతలేదు. లిఫ్ట్ కిట్ పెట్టించాడు, దించిన బిల్లు కంటే పెద్ద బిల్లు. దించాక ముందు 10 సెంటీమీటర్లు, లేపితే 14. బ్రేకర్ 16. ఈ లెక్క మూడో తరగతి పిల్లలకీ తెలుసు, షెడ్డు వాళ్లకి మాత్రం బిల్లు వేశాక తెలిసింది. మిగిలిన ఆ రెండు సెంటీమీటర్ల సమస్యని చివరికి మా వాచ్‌మన్ తేల్చాడు. పక్క బిల్డింగు నుంచి రెండంగుళాల మందం సెంట్రింగ్ చెక్కలు నాలుగు తెచ్చి, బ్రేకర్‌కి ముందు రెండు, వెనక రెండు వేశాడు. కారు పెళ్లికూతురిలా అడుగులో అడుగేసుకుంటూ దాటింది.

ఇప్పుడా చెక్కలు కార్లోనే ఉంటాయి. కారు ముందు భాగంలో ఉన్న డిక్కీలో పట్టవు, అందుకని పక్క సీట్లో నిలబెట్టాడు. బరువుకి సీటు బెల్టు అలారం మోగుతుంటే వాటికి బెల్టు కూడా పెట్టాడు. చెల్లెమ్మ వెనక ఆటోలో వస్తోంది. మొన్న సాయంత్రం వీడు బ్రేకర్ దగ్గర దిగి, చెక్కలు వరుసలో పెట్టి, వంగి కింద చూసుకుంటుండగా ఆటో పక్క నుంచి ఎక్కి, దిగి, వెళ్లిపోయింది. మలుపు తిరుగుతూ ఆవిడ చెయ్యి ఊపింది.