యంత్రం దాతలది, నడిపే పూచీ ఎవరిది?

‘దాతలు ముందుకు రావాలి’. ప్రభుత్వాసుపత్రుల్లో క్యాన్సర్ వైద్యం మాట వస్తే చాలు, మంత్రుల నోటా అధికారుల నోటా ఇదే పిలుపు. జనం రాకపోవడమేమీ లేదు. పూర్వ విద్యార్థులు, కాలనీ సంక్షేమ సంఘాలు, వర్తకులు, ప్రవాసులు, వినాయక మండపాల నిర్వాహకులు, క్యాన్సర్ రన్ పేరిట తెల్లవారకముందే రోడ్డెక్కే కుర్రకారు, అందరూ తలో చేయి వేస్తూనే ఉన్నారు. వెనకడుగు వేస్తున్నది సర్కారు. దాత కట్టించిన భవనాన్ని, దాత కొనిచ్చిన యంత్రాన్ని తన ఘనతల చిట్టాలో రాసుకుని, దాన్ని నడిపే మనుషులకూ మరమ్మతులకూ మాత్రం పైసా ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకపోవడం రివాజుగా మారుతోంది. ఈ ఆనవాయితీ స్థిరపడితే దాత దొరికిన జిల్లాలో క్యాన్సర్ వైద్యం ఉంటుంది, దొరకని జిల్లాలో ఉండదు. మన భయమంతా దాని గురించే.

తెలుగునాట ఈ రంగంలో జరిగిన దానం తక్కువేమీ కాదు. 1955లో మొదలైన హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ 300 పడకల భవనం కట్టించి ఇచ్చింది. గుంటూరు ప్రభుత్వ సమగ్రాసుపత్రిలో క్యాన్సర్ కేంద్రాన్ని నాట్కో ట్రస్టు నిర్మించింది. హైదరాబాద్‌లో 2000లో తలుపులు తెరిచిన బసవతారకం ఆసుపత్రి వెనక ప్రవాస తెలుగు వైద్యుల శ్రమ ఉంది. తిరుపతిలో టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టుల ఆసుపత్రి 2022లో మొదలైంది. అయితే ట్రస్టు ఆసుపత్రికీ సర్కారు దవాఖానాకూ తేడా ఉంది. ట్రస్టు ఆసుపత్రి ఇవ్వగలిగిన రోగుల దగ్గర ఫీజు తీసుకుంటుంది, విరాళాలు పోగు చేసుకుంటుంది, తన ఉద్యోగులను తానే నియమించుకుంటుంది. సర్కారు దవాఖానాలో పోస్టు మంజూరు కావాలంటే ఆర్థిక శాఖ సంతకం పడాలి. ఆ సంతకం పెట్టించగల దాత లేడు.

ఖజానాకు పరిమితులున్నాయనీ, వచ్చే సాయాన్ని షరతులతో అడ్డుకుంటే చివరికి నష్టపోయేది పేద రోగేననీ వైద్యశాఖ అధికారులు అంటారు. సాయం వద్దని ఎవరూ అనడం లేదు. సర్కారు సొమ్ముకు ప్రజల సొమ్ము తోడు కావాలి, బదులు కాకూడదు.

జనం మాటల్లో ‘కరెంటు పెట్టడం’ అంటే రేడియేషన్. అది ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ ధర మోడల్‌ని బట్టి పది కోట్ల నుంచి పాతిక కోట్ల దాకా ఉంటుంది. విరాళాల సభలో ప్రకటించేది ఈ అంకె ఒక్కటే. యంత్రం రాకముందే బంకర్ కట్టాలి. కిరణం నేరుగా తగిలే గోడ కాంక్రీటు మందం రెండు మీటర్లు దాటుతుంది. దాని నమూనాకు అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదం కావాలి. యంత్రం కొనడానికి ఇంకో అనుమతి, బిగించాక నాణ్యతా పరీక్షలు, ఆ తర్వాతే నడిపే లైసెన్సు. గుర్తింపు పొందిన రేడియేషన్ భద్రతాధికారి పేరు చూపకపోతే ఆ లైసెన్సు రాదు. రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు ఉండాలి, ప్రతి షిఫ్టుకూ టెక్నాలజిస్టులు ఉండాలి, వీరందరికీ పైన రేడియేషన్ వైద్యుడు, అంటే రేడియేషన్ ఆంకాలజిస్టు ఉండాలి. ఫిజిసిస్టు కావాలంటే సాధారణంగా ఫిజిక్స్‌లో పీజీ చేసి, ఆపైన రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చదివి, ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. కార్పొరేట్ ఆసుపత్రి మంచి జీతంతో పిలుస్తుంటే, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తామనే ప్రభుత్వ ఉద్యోగంలో అలాంటి మనిషి ఎన్నాళ్లు ఉంటాడు? అతను వెళ్లిపోయిన రోజే దాత ఇచ్చిన కోట్ల యంత్రానికి తాళం పడుతుంది.

వారంటీ గడువు ముగిశాక అసలు కథ మొదలవుతుంది. సమగ్ర నిర్వహణ ఒప్పందానికి ఏటా యంత్రం ధరలో అయిదు నుంచి పది శాతం దాకా కట్టాలి. ఇరవై కోట్ల యంత్రమైతే ఏడాదికి కోటి, రెండు కోట్లు. ఒప్పందం లేకుండా, యంత్రానికి శక్తినిచ్చే మాగ్నెట్రాన్ పోయినా, కిరణాన్ని గడ్డ ఆకారానికి మలిచే లీఫ్‌ల మోటార్లు మొరాయించినా విడిభాగం విదేశాల నుంచి వచ్చేదాకా నడక బంద్. చిల్లర్ సరిగా చల్లబరచకపోయినా, ఓల్టేజీ ఎగుడుదిగుడులను తట్టుకునే యూపీఎస్ లేకపోయినా యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. వేసవి కోతల్లో పడే కష్టాలు టెక్నాలజిస్టులను అడిగితే తెలుస్తాయి. ఈ ఖర్చు ఒక్క పైసా కూడా శిలాఫలకం మీద కనిపించదు కాబట్టి దాత అడగడు, సర్కారు చెప్పదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీది ఇంకా సున్నితమైన వ్యవహారం. అందులో సోర్సుగా వాడే రేడియోధార్మిక పదార్థం ఇరిడియం-192 అర్ధాయువు, అంటే బలం సగానికి పడిపోయే కాలం, 74 రోజులు. మూడు నాలుగు నెలలకోసారి లక్షలు పోసి సోర్సు మార్చాలి, ప్రతిసారీ అనుమతులు తీసుకోవాలి. ఫైలు ఒక బల్ల మీద నెల రోజులు నిద్రపోతే సోర్సు బలం తగ్గి, నిమిషాల్లో అయ్యే చికిత్సకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది, అలాగే సాగితే చివరికి ఆపేయాల్సి వస్తుంది. బయటి నుంచి రేడియేషన్ ఇచ్చే పాత కోబాల్ట్ యంత్రాలదీ అదే బాపతు. కోబాల్ట్-60 బలం 5.27 ఏళ్లకు సగమవుతుంది. రెండు నిమిషాల సిట్టింగు నాలుగు నిమిషాలవుతుంది, బయట వరుస రెట్టింపవుతుంది. విదేశాల్లో వాడి పక్కన పెట్టిన యంత్రాన్ని ఓడలో ఎక్కించి పంపుతామనే ప్రవాసులు కూడా ఆలోచించాలి. నియంత్రణ మండలి ఆమోదం లేని మోడలైనా, కంపెనీ విడిభాగాలు ఆపేసిన మోడలైనా ఇక్కడికి చేరాక భారమే.

యంత్రం ఆగితే జరిగే నష్టం దానితో పోదు. తల, మెడ క్యాన్సర్ల రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున దాదాపు ఏడు వారాలు సాగుతుంది. మధ్యలో విరామం వస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పుంజుకుంటాయి. గడువు మీరిన ప్రతి రోజుకూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని వైద్యరంగానికి దశాబ్దాలుగా తెలుసు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బయటి రేడియేషన్, బ్రాకీథెరపీ కలిపి ఎనిమిది వారాల్లో పూర్తి కావాలి. సోర్సు రాలేదనో ఇంజినీరు రాలేదనో మూడు వారాలు తిప్పి పంపిన ఆడమనిషికి మనం ఇచ్చింది సగం వైద్యం. పేపర్ల మీద మాత్రం ఆమె చికిత్స పొందినవారి లెక్కలోనే ఉంటుంది.

దాతలు భవనాలూ యంత్రాలే ఎందుకు ఇస్తారంటే, కారణం పేరు మీద మోజు ఒక్కటే కాదు. కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టే సంస్థ, కొనసాగే ప్రాజెక్టును మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లలో ముగించాలి. పదేళ్ల పాటు ఫిజిసిస్టు జీతం ఇస్తామని ఆ పద్దు కింద రాసివ్వడం కుదరదు. కేంద్రం రాష్ట్ర క్యాన్సర్ సంస్థలకు ఇచ్చిన సొమ్ము కూడా ఒక్కసారి ఇచ్చే గ్రాంటే. అంటే కేంద్రం ఇచ్చినా, కంపెనీ ఇచ్చినా, ఊరంతా చందాలు వేసినా ఏటేటా అయ్యే ఖర్చు రాష్ట్ర ప్రభుత్వానిదే. అది తెలిసి కూడా ఒప్పందంలో ఆ మాట రాయకుండా ప్రారంభోత్సవానికి తేదీ ఖాయం చేయడం దాతను, రోగిని ఇద్దరినీ మోసగించడమే. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద ప్రభుత్వాసుపత్రులకూ సొమ్ము జమ అవుతుంది. అందులో క్యాన్సర్ విభాగం సంపాదించింది ఆ విభాగం నిర్వహణకే కేటాయించి, సకాలంలో విడుదల చేసినా సగం యంత్రాలు ఆగవు.

ఊళ్లో చందాలు పోగు చేసేవారికీ కొన్ని మాటలు చెప్పాలి. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాలోనో, నమోదైన ట్రస్టు ఖాతాలోనో తప్ప వ్యక్తి ఫోన్ నంబరుకు డబ్బు వేయించకండి. రెండు వేలకు మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. ట్రస్టు ఏటా దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి ధ్రువపత్రం ఇవ్వాలి, ఇవ్వని చోట అడగండి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవారు పంపితే అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) పరిధిలోకి వస్తుంది. ఆ నమోదు ఉన్న సంస్థ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాలోనే దాన్ని తీసుకోవాలి, ఇంకో సంస్థకు మళ్లించకూడదు. ఇవి తెలియక నిఖార్సయిన ప్రయత్నాలు మధ్యలో చిక్కుకుపోతున్నాయి. పరుగు పందేలు పెట్టేవారు టీషర్టులకు ఎంత, వేదికకు ఎంత, ఆసుపత్రికి చేరింది ఎంత అన్న లెక్కను నెల తిరగకుండా బయటపెట్టాలి. క్యాన్సర్ పేరు చెప్పి వసూలు చేసిన రూపాయికి లెక్క చెప్పకపోతే, వచ్చే ఏడు నిజాయతీగా అడిగేవాడికి కూడా తలుపు తెరవరు.

చిన్న మొత్తాలు యంత్రం కంటే ఎక్కువ పని చేసే చోట్లు ఉన్నాయి. ఏడు వారాల రేడియేషన్‌లో రోగి బల్ల మీద ఉండేది రోజుకు పావుగంట. మిగతా సమయమంతా తోడు వచ్చినవాళ్లతో కలిసి ఆసుపత్రి గేటు బయట, ఫుట్‌పాత్ మీద. దగ్గరలో ఒక వసతి గృహం, రెండు పూటల భోజనం ఉంటే చికిత్స మధ్యలో మానేసి వెళ్లిపోయేవాళ్లు తగ్గుతారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండేళ్లకు పైనే సాగుతుంది. మందు ఉచితమైనా, కూలి పోగొట్టుకుని ప్రతి నెలా బస్సు ఎక్కలేక తండ్రి బిడ్డను ఇంట్లోనే ఉంచేస్తాడు. కీమో తర్వాత తెల్ల కణాలు పడిపోయి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, ఆటో చార్జీ లేక తెల్లవారేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఏ మందు పనిచేస్తుందో తేల్చే రిసెప్టర్ పరీక్షల రసాయనాలు (రీఏజెంట్లు) నిండుకుంటే రోగిని బయటి ల్యాబుకు రాస్తారు. ముదిరిన దశలో నొప్పికి మార్ఫిన్ మాత్ర ధర కొద్ది రూపాయలే. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ ఉంచుకునే మార్గం సులువు చేశారు. అయినా ఏ జిల్లా ఆసుపత్రైనా ఆ గుర్తింపు కోసం దరఖాస్తు కూడా చేయకపోతే అందుకు డబ్బు కొరత కారణం కాదు, అశ్రద్ధ. మందులు కొనిచ్చే దాతలు బయటి దుకాణంలో డబ్బా మీది ధరకు కొనవద్దు. 2019లో 42 క్యాన్సర్ మందులపై వర్తక లాభానికి 30 శాతం పరిమితి పెట్టినా, టోకుగా ప్రభుత్వ వైద్య మౌలిక వసతుల సంస్థలు కొనే ధరకూ చిల్లర ధరకూ అంతరం పెద్దదే.

ఇలా జనం పూడ్చగల ఖాళీలు ఎన్నో ఉన్నాయి. జీతాలు, నిర్వహణ ఒప్పందాలు, సోర్సు మార్పిడి వాటిలోకి రావు. అవి సర్కారు విధి. వీటికి కూడా హుండీ పట్టుకు తిరగమంటే వైద్యం హక్కుగా కాక భిక్షగా మిగులుతుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక నియమం పెట్టుకోవాలి. కోటి రూపాయలు దాటిన ఏ విరాళాన్నైనా స్వీకరించే ముందు దాత, ఆసుపత్రి, ఆర్థిక శాఖ ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం ఉండాలి. మంజూరైన పోస్టులు, పదేళ్ల నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద వస్తుందో, యంత్రం ఆగితే ఎన్ని రోజుల్లో బాగుచేయాలో, ఈలోగా రోగులను ఏ ఆసుపత్రికి పంపాలో అందులో రాసి ఉండాలి. ఏ యంత్రం నెలలో ఎన్ని రోజులు నడిచిందో, ఎన్ని రోజులు ఆగిందో ఆసుపత్రి గోడ మీదా వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. విరాళం వచ్చిన ఏడాది ఆ విభాగం బడ్జెట్‌కు కోత పెట్టబోమని అసెంబ్లీలో చెప్పాలి. దాతలు కూడా ఈ కాగితం చేతికి రానిదే చెక్కు ఇవ్వకూడదు. మొహమాటపడి ఊరుకుంటే వాళ్ల డబ్బే మూలనపడుతుంది.

ఫిజిసిస్టు పోస్టుకు జీవో ఇవ్వని, నిర్వహణకు నిధులు రాయని మంత్రికి రిబ్బను కత్తిరించే అర్హత లేదు. ఆ వేదిక ఎక్కే ముందు ఆయన ఆర్థిక శాఖలో ఆగిన ఫైలు తెప్పించుకుని సంతకం చేయించాలి. అది చేతకాకపోతే దాతలను పిలవడం మానుకోవాలి.