అంతగా తెలియనిదట!

కచేరీ కరపత్రాలు రాసే మహానుభావులకు ఒక విన్నపం. ఫిన్లాండ్ సంగీతకర్త సిబేలియస్ ‘కరేలియా ఓవర్చర్’ పేరు వచ్చినప్పుడల్లా ముందు ‘అంతగా తెలియని’ అని తగిలించడం ఇక ఆపండి. పిల్లాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి, "మా వాడు పెద్దగా బయటికి రాడండీ" అన్నట్టుంది.

ఈ ఓవర్చర్, అంటే ప్రదర్శనకు ముందు వాయించే ఆర్కెస్ట్రా సంగీతం, ఆయన రచనల వరసలో ఓపస్ 10. పక్కింట్లోనే ఓపస్ 11, ‘కరేలియా సూట్’. స్పెల్లింగు చూసి మనం సూట్ అంటాం గానీ తెలిసినవాళ్లు స్వీట్ అంటారు. నిజమే, మిఠాయే. మూడు ముక్కలు, పావుగంట, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. రెండూ ఒకే రాత్రి లోకం మీదికి వచ్చిన సంగీతం. మొదటి ముక్కలోని బాణీ ఓవర్చర్‌లోనూ వినిపిస్తుంది. అయినా పిలుపులన్నీ స్వీటుకే. ఇంతకీ అందరూ తలలూపే ఆ మొదటి ముక్క దేని గురించో తెలుసా? 1333లో నరిమొంట్ అనే లిథువేనియా దొర కరేలియాలోని క్యాకిసల్మి ప్రాంతంలో పన్నులు వసూలు చేయడం గురించి! పన్నుల కోసం వచ్చినవాడికి ఇంత ప్రజాదరణ ఇంకెక్కడా చూడలేదు.

అసలు ఈ తెలియకపోవడం పుట్టినరోజునే మొదలైంది. 1893 నవంబర్ 13, హెల్సింకి. ఫిన్లాండ్ అప్పుడు రష్యా జార్ ఏలుబడిలో ఉంది. దాని తూర్పు అంచున ఉన్న కరేలియా నేలలోని వీపురి ప్రాంతంలో చదువుల కోసం విద్యార్థి సంఘం వాళ్లు లాటరీతో పాటు వినోదం పెట్టారు. కరేలియా చరిత్రను దృశ్యాలుగా చూపించాలి, సంగీతం 27 ఏళ్ల సిబేలియస్‌ది. దృశ్యాలంటే నాటకం కాదు. వేషాలు వేసుకుని బొమ్మల కొలువులో బొమ్మల్లా కదలకుండా మెదలకుండా నిలబడడం. అంచేత ఆ రాత్రి పాత్రలు తారుమారయ్యాయి. వేదిక మీదున్నవాళ్లు ఊపిరి బిగబట్టి మౌనవ్రతం. కింద బుద్ధిగా కూర్చోవాల్సినవాళ్లు లేచి నిలబడి కేకలు, చప్పట్లు. మధ్యలో చేతిలో చిన్న కర్రతో పాపం సిబేలియస్. ఆర్కెస్ట్రా వాయిస్తోందనడానికి సాక్ష్యం వయొలిన్ల మీద కమానులు కదలడం ఒక్కటే. కోట ముట్టడి దృశ్యంలో సైనికులు కదలరు కదా, ఆ ముట్టడేదో శ్రోతలే చేసిపెట్టారు. సంగీతం ఒక్క స్వరం కూడా వినపడలేదని ఆయనే తమ్ముడు క్రిస్టియన్‌కి ఉత్తరం రాసుకున్నాడు. దేశభక్తి అండీ! దేశం మీద ప్రేమ పొంగినప్పుడు దేశం కోసం రాసిన పాట వినపడకూడదు. అది మర్యాద.

సరే, వాళ్లని క్షమించొచ్చు. పరాయి పాలనలో నలుగుతున్నవాళ్లు, నోరు తెరిచే సందు దొరికింది, అరిచారు. మరి మీకేమొచ్చింది? ఆ లాటరీ ఏ ఊరి పేరు చెప్పి వేశారో ఆ వీపురి 1944 నుంచి ఫిన్లాండ్‌ది కాదు. సోవియట్ పాలైంది, ఇప్పుడు రష్యాలో వైబర్గ్. కోల్పోయిన నేల నుంచి 4 లక్షల మందికి పైగా ఇళ్లూ పొలాలూ వదిలేసి వచ్చారు. ఆ నేల పేరు మోస్తున్న సంగీతం గురించి మీరు రాసేది ‘ఉల్లాసంగా ఉంటుంది’ అని ఒక్క ముక్క. ఎప్పుడైనా దయతలచి ఓవర్చర్ పెట్టినా, ఆలస్యంగా వచ్చినవాళ్లు కుర్చీలు వెతుక్కోవడానికి పెడతారు. ఎనిమిది నిమిషాలండీ! బండి పార్కింగ్‌కే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోలేరు, కూర్చోబెట్టలేరు, పైగా ‘అంతగా తెలియని’ అట. సిగ్గుండక్కర్లా?

నిన్న రాత్రి ఫోన్‌లో మళ్లీ వెతికాను. ‘కరేలియా’ అని కొట్టి, ‘ఓవర్చర్’ అని టైపు చేసేలోపే నరిమొంట్ పన్నులకి వచ్చేశాడు.